మ్యూజియానికి చావు కబురు

కుమాసి నగరంలోని బంటామా పేటలో ఫ్రెమా బొగ్గుల కుంపటి దాటి వెళ్ళాలంటే ఎంతటివాళ్ళైనా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి వెళ్ళాల్సిందే. ఎక్కడికి? ఎందుకు? మూడోది అడగదా అంటే అడుగుతుంది. కానీ అప్పటికి చేతిలో కాల్చిన అరటికాయా, గుప్పెడు వేరుశెనగలూ పెట్టేసి ఉంటుంది కాబట్టి, నోరు నిండినవాళ్ళు తలాడించి బయటపడతారు.

అక్కడ పుట్టిన వారాన్ని బట్టి కూడా ఒక పేరు పెడతారు; ఫ్రెమా సోమవారం పుట్టింది గనుక అజువా అని కూడా పిలిచారు. ప్రశ్నలడగడం మాత్రం ఏ వారం పుట్టినవాళ్ళకూ రాసిపెట్టి ఉండదు, అది ఆమె సొంత సంపాదన. బడి నాలుగో తరగతితోనే ఆగింది. దేవుడు ఆదివారం నాడు లోకాన్ని చేయడం మొదలుపెట్టాడని పంతులు చెబుతుంటే, ఫ్రెమా లేచి నిలబడింది. "దేవుడు శనివారం పుట్టాడని మా అమ్మమ్మ చెప్పింది పంతులుగారూ, అందుకే ఆయన్ని క్వామె అంటారట. అయితే పుట్టిన మర్నాడే పనిలోకి దిగాడా?" అని అడిగింది. పంతులు జవాబు బెత్తంతో చెప్పాడు. మర్నాటి నుంచి ఆమె బడికి పోలేదు, తల్లి పక్కన కూర్చుని అరటికాయలు కాల్చడం నేర్చుకుంది.

మొదటి మొగుడు ఆ ప్రశ్నలు పడలేకే పోయాడు. "ఎక్కడినుంచి వస్తున్నావు" అని రోజూ అడిగితే ఏ మగాడు మాత్రం ఉంటాడు? రెండో మొగుడికి ఒక చెవి వినపడదు. ఆ చెవిని పెళ్ళాం వైపు పెట్టి పడుకునేవాడు. ఆయనతో కాపురం ఆయన పోయేదాకా చక్కగా సాగింది.

అక్క ఆచియా ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగలేదు, చెప్పింది చేయించుకుంది, అంతే. వీధిలో అక్కచెల్లెళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే పరాయివాళ్ళకు ఒక ప్రశ్న, ఒక ఆజ్ఞ, మళ్ళీ ఒక ప్రశ్న, మళ్ళీ ఒక ఆజ్ఞ వినిపించేవి. అన్నం మాత్రం ఒకే గిన్నెలో తినేవాళ్ళు.

ఆ ఇంటి ఆడవాళ్ళకు ఒక ఉంగరం ఉంది. బంగారపుది, నిమ్మకాయంత. దాని మీద ఒక మొసలి, మొసలి నోట్లో వాలుగ చేప. వాలుగ ఎంత మింగినా అది చివరికి మొసలి కోసమేనని పెద్దలు అనేవారు. బతికున్న వేలికి ఎక్కని ఉంగరం అది. ఆ ఇంటి ఆడపడుచు పోతే, స్నానం చేయించి, లేసు చీర చుట్టి, ఇత్తడి మంచం మీద ఊరంతా చూసేలా పడుకోబెట్టినప్పుడు కుడిచేతి నడిమి వేలికి తొడుగుతారు. శవపెట్టె మూసే ముందు తీసి, ఇత్తడి కుండలో పెట్టి దాచేస్తారు. పైలోకంలో అమ్మమ్మలు వరసగా కూర్చుని, కొత్తగా వచ్చినదాని వేలు చూసి, మనదేనని చోటిస్తారట. ఆ ఉంగరం తొడుక్కోవడానికి ఒక్కటే దారి కాబట్టి ఎవరూ తొందరపడేవాళ్ళు కారు.

ఆ కుండ ఉండేది పెద్దన్న యావ్ ట్వుమాసి మంచం కింద. ఇంటిపెద్ద ఆయనే. కుమాసిలో బంగారం మ్యూజియం తెరిచిన ఏడాది దాని డైరెక్టరు అంపొన్సా కారులో వచ్చి, పెద్దాయన ముందు వంగి కూర్చుని, "మీ వంశపు ఘనత మంచం కింద ఉండవలసింది కాదండీ, లోకం చూడాలి" అన్నాడు. వంశపు ఘనత మాటేమో గాని, గోడ మీద ఇత్తడి పలకలో దాత పేరు చెక్కిస్తామన్న మాట ట్వుమాసికి బాగా వినపడింది. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, ఉంగరాన్ని ఎరువుగా ఇద్దామన్నాడు.

ఆ రోజు ఫ్రెమా అడగని ప్రశ్న లేదు. అక్కడ రాత్రిపూట దీపం వేస్తారా? ఎలుకలున్నాయా? ఊడ్చేదెవరు, వాళ్ళ అమ్మా నాన్నా ఎవరు? కాపలావాడు తాగుతాడా? తాగితే ఏం తాగుతాడు? డైరెక్టరు ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. అవసరమొస్తే వెనక్కి ఎలా తెచ్చుకోవాలన్నది మాత్రం ఆమె అడగలేదు. అంత పెద్ద వల విసిరితే అసలు చేపే తప్పించుకుంది.

తరవాత ఆమె మ్యూజియం గడప తొక్కలేదు. లోపల ఏముందో చూడాలని ప్రాణం పీకేది. "మన ఉంగరం మనం చూసుకోవడానికి టికెట్టా?" అన్న పంతం ఒకటి అడ్డుపడింది. ఆ దారిన పోయే ట్యాక్సీవాళ్ళను మాత్రం ఆపి, "ఇవాళ ఎంతమంది లోపలికెళ్ళారు?" అని అడుగుతూ ఉండేది.

వానలు వెనకబట్టాక ఆచియాకు జబ్బు చేసింది. ఆసుపత్రి మంచం మీద చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే ఆజ్ఞ జారీ చేసింది.

"ఆ ఉంగరం నా వేలికుండాలి. బోసి వేలితో అమ్మమ్మ ముందు నిలబడను. నువ్వే చూసుకో."

"అన్నయ్యకి చెప్పొచ్చుగా?"

"అన్నయ్యకి చెబితే సరేనంటాడు. అందరితోనూ సరేననే అంటాడు. నీకు చెప్తున్నా."

"నువ్వెక్కడికీ పోవులే, అప్పుడే ఉంగరాల మాటెందుకు?"

"ప్రశ్నలడక్కు," అంది ఆచియా. అదే ఆఖరి మాట.

శవాన్ని ఆసుపత్రి ఫ్రిజ్‌లో పెట్టారు. బంధువులంతా కూడబలుక్కుని అంత్యక్రియలకు ఒక శనివారం ఖాయం చేశారు. పోస్టర్లు అచ్చయ్యాయి. గోడల మీద ఆచియా బొమ్మ ఎక్కింది, బతికున్నప్పుడు ఎన్నడూ నవ్వనంతగా నవ్వుతూ.

పోస్టరు తడి ఆరకముందే కుంపటి దగ్గరికి కొనాడు వచ్చింది. ఆచియాకు ఆడపడుచు, అంటే మొగుడి చెల్లెలు. అవతలివైపువాళ్ళు పెట్టుపోతల్లో ఎక్కడ తగ్గారో చూడటానికి ఆమెకు ప్రత్యేకంగా కళ్ళద్దాలేమీ అక్కర్లేదు.

"ఒదినా, మా వైపు నుంచి మూడు లేసు చీరలు, కొత్త పరుపు," అంటూ అరటికాయ తొక్క ఒలిచింది. "మీ వైపు నుంచి ఉంగరమేగా? చిన్నప్పుడు మీ పెద్దమ్మ చావుకి చూశాను. మొసలి కదూ?"

"మొసలే."

"తెచ్చారా?"

"శనివారం వేలికే చూద్దువుగాని."

"చూస్తాలే. లేకపోతే ఊరంతా టికెట్టు కొనుక్కుని చూడాలి కదా, పాపం," అంటూ వేరుశెనగలు ఇంకో గుప్పెడు తానే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు ట్వుమాసి మంచి చొక్కా వేసుకుని మ్యూజియానికి వెళ్ళొచ్చి, చెల్లెలి బల్ల మీద చతికిలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది ఫ్రెమా.

"దరఖాస్తు పెట్టుకోవాలట. మూడు నెలల ముందు."

"దేనికి మూడు నెలల ముందు?"

"వాడే రోజుకి."

"అంటే చావడానికి మూడు నెలల ముందా? అక్క ఫ్రిజ్‌లో ఉండి దరఖాస్తు పెట్టాలా? నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"సరే అన్నావా!"

"మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి చల్లటి సోడా ఇచ్చారే! సోడా తాగుతూ మనిషిని తిడతామా?"

ఫ్రెమా కుంపట్లో బొగ్గులు విసురుతూ ఊరుకుంది. ఆమె ఊరుకోవడం వీధి మొత్తానికీ కొత్త. ఏమైందో అడుగుదామని ఇద్దరు ముగ్గురు వచ్చి, ఎలా అడగాలో తెలియక అరటికాయలు కొనుక్కుని పోయారు. సాయంత్రం బొగ్గులు చల్లారబెడుతూ ఆమె కబురంపి అన్నను పిలిపించింది.

"అన్నయ్యా, మన సొమ్ము ఒకరింట్లో దాచామంటే వాళ్ళు మనకేమవుతారు?"

"అయినవాళ్ళవుతారు."

"అయినవాళ్ళకి అక్క పోయిందని చెప్పామా?"

ట్వుమాసి కళ్ళు చిట్లించాడు. "మ్యూజియానికి చావు కబురేమిటే?"

"అందులో కూర్చునే మనిషికి నోరుందా లేదా? నోరున్న ప్రతివాడికీ చావు కబురు చెప్పొచ్చు. సీసా పట్టుకెళ్దాం. ఉంగరం ఊసెత్తకు. దరఖాస్తు ఊసెత్తకు."

ట్వుమాసికి మెల్లిగా వెలిగింది. అశాంటీ జాతి గడ్డ మీద ఎవడికీ చెప్పక్కర్లేని సంగతి అది: చావు కబురు జిన్ను సీసాతో వెళుతుంది. ఇష్టం లేనివాడు మూత తియ్యకముందే సీసా వెనక్కి నెట్టాలి. మూత తీసి చుక్క మింగాడా, వాడూ ఏడ్చేవాళ్ళలో ఒకడు. ఏడ్చేవాడు చేతులూపుకుంటూ రాడు, చనిపోయినవాళ్ళది తన దగ్గరేముంటే అది పట్టుకుని వస్తాడు.

గురువారం ఉదయం నలుగురు బయల్దేరారు: ట్వుమాసి, ఫ్రెమా, పళ్ళు లేని మేనత్తలిద్దరు. అందరూ ఎర్రబట్టలూ నల్లబట్టలూ కట్టుకున్నారు. ఆకుపచ్చ అట్టపెట్టెలో జిన్ను సీసా ఫ్రెమా చంకలో ఉంది.

గేటు దగ్గర కాపలాదారు చెయ్యి చాపాడు. "టికెట్లు?"

"చూడ్డానికి రాలేదు నాయనా," అంది ఫ్రెమా. "చావు కబురు మోసుకొచ్చాం."

కాపలాదారు టోపీ తీసేశాడు. చావు కబురుకి టికెట్టు కొట్టే తల్లి కొడుకెవడూ ఆ ఊళ్ళో పుట్టలేదు.

లోపల దేన్నీ చూడకుండా, తిన్నగా డైరెక్టరు గదికి నడుస్తానని ఫ్రెమా అన్నకు మాటిచ్చింది. ఆ మాట మొదటి అద్దాల బీరువా దాకా నిలబడింది. అందులో చిన్న చిన్న ఇత్తడి బొమ్మలు: పక్షి, తేలు, తుపాకీ పట్టుకున్న మనిషి, గొలుసు.

"బంగారం మ్యూజియంలో ఇత్తడికేం పని?" అని వెంట వచ్చిన కాపలాదారును అడిగింది.

"అవి తూనికలమ్మా. పూర్వం బంగారపు పొడిని వీటితోనే తూచేవారు."

"మరి పొడేదీ?"

"అది... ఖర్చయిపోయింది గదమ్మా."

"అంటే బంగారం వెళ్ళిపోయింది, తూచినవి మిగిలాయన్నమాట. దీనికా టికెట్టు!"

రెండో గదిలో నాయకుల చెప్పులు, బంగారపు రేకు తాపడం చేసినవి, ఎర్ర పట్టు మీద పెట్టి ఉన్నాయి. వాటిని చూడగానే మేనత్తలిద్దరూ తమ చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. పెద్దల ముందు చెప్పులతో నిలబడటం వాళ్ళ కాళ్ళకు తెలియదు. పక్కనే నిలబడ్డ విదేశీ దంపతులు అది చూసి, కంగారుగా గోడల మీద నియమాలేమైనా రాసి ఉన్నాయేమోనని వెతుక్కుని, తామూ బూట్లు విప్పారు. వాళ్ళ వెనకవాళ్ళూ విప్పారు. కాసేపటికి ఆ గదిలో అందరూ వట్టి కాళ్ళతో, చల్లటి నేల మీద వేళ్ళు ముడుచుకుని నడుస్తున్నారు.

ఉంగరం ఆఖరి గదిలో ఉంది. నల్లటి మఖమల్ మీద ఒక్కటే, పైనుంచి సన్నటి దీపం పడుతూ.

"చిక్కిపోయిందే," అంది పెద్ద మేనత్త.

ఫ్రెమా కింద ఉన్న కాగితాన్ని నాలుగో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది: ఒకప్పుడు ఈ వంశపు స్త్రీలను అంత్యక్రియల సమయంలో ఈ ఉంగరంతో అలంకరించేవారు.

"ఒకప్పుడా? ఒకప్పుడేమిటి? మా అక్క ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది!"

అప్పటికే ట్వుమాసి గోడ మీద తన పేరున్న ఇత్తడి పలకను కనిపెట్టి, ఎర్రబట్ట కొంగుతో తుడుస్తున్నాడు.

డైరెక్టరు అంపొన్సా మంచివాడు. అదే అతనితో వచ్చిన చిక్కు. ఎర్రబట్టలు చూడగానే కుర్చీలోంచి లేచాడు, వరసన కుర్చీలు వేయించాడు, అందరికీ నీళ్ళు ఇప్పించాడు, వచ్చిన పని అడిగాడు. ఆచారం తెలిసినవాడు గనుక ఏ ముక్కా వదల్లేదు. ట్వుమాసి గొంతు సవరించుకుని, మాకు పెద్దదిక్కు పోయింది, మీరు మా వాళ్ళు కాబట్టి చెప్పకుండా ఉండలేక వచ్చాం, అన్నాడు. ఫ్రెమా రెండు చేతులా సీసా అందించింది. డైరెక్టరు రెండు చేతులా అందుకున్నాడు. ఎంతో కాలంగా తాను పుస్తకాల్లో రాస్తున్న ఆచారం తన బల్ల దగ్గరికే నడిచి వచ్చినందుకు అతని కళ్ళు చెమర్చాయి. గ్లాసు తెప్పించి, పోయినవాళ్ళ కోసం తివాచీ మీద నాలుగు చుక్కలు చల్లి, ఒక గుక్క మింగాడు.

"మీ దుఃఖం మా దుఃఖం," అన్నాడు.

"ఆ మాట కోసమే వచ్చాం బాబూ," అంది ఫ్రెమా. "శనివారం పొద్దున్నే వచ్చెయ్యండి. మా దగ్గరున్నవి మేం పట్టుకొస్తాం. మీ దగ్గరున్నది మీరు పట్టుకొస్తారు."

గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఆ ఉంగరం గురించైతే ముందుగా దరఖాస్తు..."

"ఉంగరం ఊసెవరెత్తారు? అన్నయ్యా, నువ్వెత్తావా?"

"నేనా? నేనెత్తలేదు," అన్నాడు ట్వుమాసి. ఈసారి సోడా ఇవ్వలేదు గనుక గొంతు గట్టిగానే పలికింది.

"మేం చావు కబురు చెప్పాం, మీరు తాగారు. వద్దనుకుంటే సీసా వెనక్కి ఇచ్చెయ్యండి, ఏమీ అనుకోం."

డైరెక్టరు సీసా వంక చూశాడు. మూత తీసిన సీసాను వెనక్కిచ్చినవాడు ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకు తిరగడు. ఆ సంగతి మీద అతను ఒక అధ్యాయమే రాశాడు.

"నా ఒక్కడి చేతిలో లేదమ్మా. కమిటీ ఉంది, బీమా ఉంది..."

చిన్న మేనత్త అప్పటిదాకా నీళ్ళ గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. ఇప్పుడు నోరు విప్పింది. "మీ అమ్మది ఏ ఊరు బాబూ?"

"మాంపొంగ్."

"మాంపొంగా! అక్కడివాళ్ళు తాగి ఎగ్గొడతారని నేనెప్పుడూ వినలేదే. నువ్వు విన్నావా అక్కా?"

"నేనూ వినలేదు," అంది పెద్ద మేనత్త. "మనం మాంపొంగ్ మీదుగానే వెళ్దామా? వాళ్ళమ్మను ఒకసారి పలకరించినట్టుంటుంది."

డైరెక్టరు కుర్చీలో కూర్చుండిపోయి, గ్లాసులో మిగిలినది కూడా తాగేశాడు.

అతను కమిటీకి ఏం చెప్పుకున్నాడో తెలియదు గాని, శుక్రవారం సాయంత్రానికి ఒక మార్గం దొరికింది. ఉంగరాన్ని అంత్యక్రియలకు పంపరు. మ్యూజియమే ఆ శనివారం బంటామాలో ఒక సంచార ప్రదర్శన పెట్టుకుంటుంది. అద్దాల పెట్టె తాళం తియ్యకూడదు, అంతే.

శనివారం తెల్లవారేసరికి వీధికి అడ్డంగా షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మనిషెత్తు స్పీకర్లు. ఇత్తడి మంచం మీద ఆచియా లేసు చీరలో, పూసల మధ్య, ఎవరికో ఏదో పురమాయించబోతున్నట్టు పడుకుంది. తెల్ల వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు కాపలాదారులు అద్దాల పెట్టె దింపి, మంచం పక్కన ముక్కాలిపీట మీద పెట్టారు. వాళ్ళ వెనక డైరెక్టరు నల్లబట్టల్లో దిగాడు, నగల సంరక్షణ చూసే ఎస్తేర్ అనే ఉద్యోగిని కూడా దిగింది. పెట్టె మీద ‘ఒకప్పుడు’ అని మొదలయ్యే కాగితం అలాగే ఉంది.

ఇక చూడాలి. వరసలో వచ్చినవాళ్ళు శవం దగ్గర ఒక క్షణం, అద్దాల పెట్టె దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. ఒకాయన ఏడుస్తూ వచ్చి, ఏడుపు మధ్యలో ఆపి, "మొసలి కన్ను చూడండి, ఎంత సన్నపు పని!" అని, మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. ఎస్తేర్ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఉంగరం చరిత్ర చెబుతోంది.

కొనాడు పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఫ్రెమా చెవి దగ్గరికి వచ్చింది.

"చచ్చిపోయింది మా ఒదినా, మీ ఉంగరమా? దాన్నేగా గాజుపెట్టెలో పడుకోబెట్టారు."

ఫ్రెమా మంచం వైపు తిరిగింది. అక్క కుడిచెయ్యి పూసల మీద బోర్లా ఉంది. నడిమి వేలు బోసిగా ఉంది. ఉంగరం మూరెడు దూరంలో ఉంది. పైన వరసగా కూర్చున్నవాళ్ళు మూరెడు దూరాన్ని లెక్కలోకి తీసుకుంటారా? తీసుకోరు. వాళ్ళకు వేలు చూడటమే తెలుసు. ఇంకాసేపటికి పాస్టరు వస్తాడు, శవపెట్టె మూస్తారు.

ఆమె డైరెక్టరు దగ్గరికి నడిచింది.

"బాబూ, దీన్ని తొడిగితే ఏమవుతుంది?"

"తాళం తియ్యకూడదమ్మా. మాటిచ్చాను."

"నాకూ ఇచ్చారు. అది సరే, ఏమవుతుందో చెప్పండి, తెలుసుకుంటాను."

"మనిషి చర్మం మీద చెమట ఉంటుంది, జిడ్డు ఉంటుంది. అది బంగారానికీ లోపలి అతుకులకీ మంచిది కాదు."

"చచ్చిపోయినదానికి చెమటేమిటి బాబూ?"

దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగారు. డైరెక్టరు ఎస్తేర్ వంక చూశాడు. ఎస్తేర్ కాస్త ఆలోచించింది. "చెమట ఉండదు సార్. కానీ ఆసుపత్రిలో మందు పూసి ఉంటారు కదా. అది ఇంకా చెడ్డది."

"మరి మీరెలా ముట్టుకుంటారమ్మా?"

"చేతికి తొడుగు వేసుకుని," అంటూ ఎస్తేర్ తెల్లటి తొడుగులున్న చేతులు చూపించింది.

"అవి ఇంకో జత ఉన్నాయా?"

స్పీకర్లో భజన పాట హోరెత్తుతోంది. షామియానా కింద అందరి చూపూ ఇటే ఉంది, ముందు వరసలో మేనత్తలిద్దరూ ఉన్నారు. పెద్ద మేనత్త డైరెక్టరు వంకే చూస్తూ చిన్నామెతో, "మాంపొంగ్‌కి బస్సు ఎన్నింటికే?" అంది.

డైరెక్టరు జేబులోంచి తాళంచెవి తీశాడు.

ఎస్తేర్ సంచిలోంచి కొత్త తొడుగు తీసింది. బిగుసుకున్న చేతికి తొడగడం పెద్ద పనే అయింది. ఫ్రెమా వేళ్ళను ఒక్కొక్కటే వదులు చేస్తూ, "ఇదిగో, ఇంకొంచెం, ఎప్పుడూ నీ మాటే నెగ్గాలిగా," అని గొణిగింది. తెల్లటి తొడుగు మీదుగా ఉంగరం ఎక్కింది. మొసలి ఆచియా వేలి మీద కూర్చుంది. ట్వుమాసి మైకు అందుకుని, వంశపు ఘనత గురించీ, గోడ మీదున్న ఇత్తడి పలక గురించీ చాలాసేపు మాట్లాడాడు. ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఫ్రెమా అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపులో కొంత హాయి కూడా ఉందని పక్కనున్నవాళ్ళకు తెలిసింది గాని, అటువంటివి ఎవరూ పైకి అనరు.

శవపెట్టె మూసే ముందు ఉంగరం తీసి అద్దాల్లో పెట్టేశారు. వ్యాను వెళ్ళిపోయింది.

వ్యవహారం అంతటితో తెగితే బాగుండేది. కొనాడు తెగనివ్వలేదు. తొమ్మిది రోజులు పోయాక కుంపటి దగ్గర చేరింది.

"ఒదినా, నాకొక చిన్న అనుమానం. ఉంగరం వేలికి తగిలిందా, గుడ్డకి తగిలిందా?"

"వేలికే. గుడ్డ మధ్యలో ఉంది, అంతే."

"అంటే గుడ్డకేగా తగిలింది. గుడ్డకి తొడిగితే వేలికి తొడిగినట్టవుతుందా అని. నాకేం తెలుసులే. మా ఇళ్ళల్లో ఎప్పుడూ పోలీసోళ్ళలా చేతికి తొడుగులేసి సాగనంపలేదు." అరటికాయ నోట్లో పెట్టుకుని, "పాపం, అక్కడ వాళ్ళేమన్నారో!" అంది.

ప్రశ్న ఎలాంటి చురకత్తో ఫ్రెమాకు ఆ రోజు తెలిసింది. ఊరందర్నీ అడిగినామె ఇప్పుడు తనను తానే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టింది. అక్క అక్కడికి చేరి చెయ్యి చాపితే, అమ్మమ్మలు ఆ తెల్లగుడ్డ చూసి ఎవరో నర్సనుకున్నారేమో? ఇంకా గడప దగ్గరే నిలబెట్టారేమో? అరటికాయలు మాడిపోసాగాయి. పాస్టరును అడిగితే ప్రార్థించమన్నాడు. మేనత్తలను అడిగితే, "మేం వెళ్ళాక చూసి చెప్తాంలే," అన్నారు.

ఏడాది కర్మ దగ్గరపడుతుండగా, ఇక ఆగలేక, పంతం పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి టికెట్టు కొనుక్కుని మ్యూజియంలోకి వెళ్ళింది. ఉంగరం ముందు కాసేపు నిలబడి, అదేమైనా జవాబు చెబుతుందేమో చూద్దామని.

ఆఖరి గదిలో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఎస్తేర్. ఉంగరం ఇప్పుడు ఒంటరిగా లేదు. మఖమల్ మీద పక్కనే తెల్లటి చేతి తొడుగు పరిచి ఉంది. గోడ మీద ఆచియా చెయ్యి పెద్ద ఫొటోలో ఉంది, తొడుగుతో, ఉంగరంతో. కింద ‘ఒకప్పుడు’ అని మొదలయ్యే కాగితం తీసేసి కొత్తది అంటించారు.

"ఈ వంశంలో పవిత్రమైన ఉంగరాన్ని వట్టి వేలికి తొడగరు," అని చెబుతోంది ఎస్తేర్. "ముందు తెల్లటి తొడుగు వేసి, దాని మీద ఉంగరం తొడుగుతారు. అనాదిగా వస్తున్న ఆచారం ఇది. ఈ మధ్యనే మా మ్యూజియం దీన్ని కళ్ళారా చూసి నమోదు చేసింది."

ఫ్రెమా నోరు తెరుచుకుంది. తొడుగు సంచిలోంచి తీసింది ఈ పిల్లే కదా! ఆ మాటే అనబోతుండగా ఎస్తేర్ ఆమెను చూసి, ముఖం వికసించి, "అదృష్టం చూడండి, ఆ వంశపు పెద్దావిడే ఇక్కడున్నారు! అవ్వా, మీరు చెప్పండి, నిజమేనా?" అంది.

అన్ని ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. ఫ్రెమా ఫొటోలోని చెయ్యి వంక చూసింది. అనాదిగా అయితే అమ్మమ్మకూ తొడిగి ఉండాలి. అమ్మమ్మకు తొడిగి ఉంటే ఆమె ఆ తెల్లగుడ్డను చూడగానే గుర్తుపడుతుంది, పక్కకు జరిగి చోటిస్తుంది. కొనాడుకు తెలిసిందేమిటి, మ్యూజియంవాళ్ళు అచ్చు వేయించారు.

"నిజమే," అంది. అని ఊరుకోలేదు. "తొడుగు లేకుండా తొడిగితే పైనున్నవాళ్ళు లోపలికే రానివ్వరు. మా అమ్మమ్మ వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే."

పొడుగు జడల అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "మరి అంత పూర్వం ఇలాంటి మిల్లు గుడ్డ తొడుగులు ఎక్కడ దొరికేవి అవ్వా?"

"ఎవరే నువ్వు? ఏ ఊరు?" అంది ఫ్రెమా చిరాగ్గా. "పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో ఆ అడగడమేమిటి?"

సాయంత్రం కుంపటి రాజేసేసరికి కొనాడు వచ్చింది. ఫ్రెమా ముందుగానే అందుకుంది. "ఒదినా, మ్యూజియంలో అద్దాల్లో పెట్టారు తొడుగుని. అనాది ఆచారమట. కాగితం మీద అచ్చయి ఉంది. కావాలంటే టికెట్టు కొనుక్కుని చూసిరా."

కొనాడు నములుతూ ఆలోచించింది. అరటికాయ సగం అయ్యేదాకా ఆలోచించింది.

"దాంట్లో కొత్తేముంది?" అంది చివరికి. "మా వైపూ ఉంది ఆ ఆచారం. మా మేనత్తకి రెండు చేతులకీ తొడిగాం, మోచేతుల దాకా. నువ్వు మర్చిపోయుంటావు."

ఆ మేనత్త చావు నాడు ఆ వట్టి చేతుల్ని వేణ్ణీళ్ళతో కడిగినవాళ్ళలో ఫ్రెమా ఒకతె. వేళ్ళ మధ్య గోరింటాకు మరక ఉండటం కూడా ఆమెకు గుర్తే.

"అవునవును," అంది. "మోచేతుల దాకానే." బాగా కాలిన అరటికాయ ఏరి, కొనాడు చేతిలో పెట్టింది.